ఫోన్‌లో గురి కుదిరితే చేతికి గురి వస్తుందా?

"మావాడు పబ్జీలో ఎంత దూరం నుంచైనా హెడ్‌షాట్ కొట్టేస్తాడండీ. షూటింగ్‌లో చేర్పిస్తే ఒలింపిక్స్‌కి వెళ్లిపోతాడు." ఈ మాట ఈ రెండేళ్లలో పెళ్లిళ్లలో విన్నాను, వ్రతాల్లో విన్నాను, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా విన్నాను. చెప్పేది ఎక్కువగా తండ్రులు. పక్కన నిలబడి మురిసిపోయేది తల్లులు. దీనికి జోడీగా ఇంకో మాట కూడా వింటున్నాను. "ఈ తుపాకుల ఆటలు ఆడీ ఆడీ రేపు నిజం తుపాకీ పట్టుకుంటాడేమోనని భయంగా ఉంది వదినా." ఇది పూర్తిగా తల్లుల మాట.

ఒకటి గొప్ప, ఇంకోటి భయం. చూడ్డానికి ఎదురెదురుగా ఉన్నా రెండింటికీ వేరు ఒక్కటే. తెర మీద బొటనవేలు నేర్చుకున్న విద్య చేతికీ, భుజానికీ, ఊపిరికీ దానంతటదే దిగిపోతుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పయితే అయింది, దానివల్ల ఎవరికి నష్టం అంటారా? ఉంది. మన ఇళ్లలో ఆడపిల్లలకి నష్టం. ఆ సంగతికి చివర్లో వస్తాను.

తెలుగు బి.ఏ. చదివిన గృహిణికి తుపాకుల గురించి ఏం తెలుసని మీకు అనిపించవచ్చు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. వారానికి నాలుగు రోజులు దాన్ని రేంజ్‌కి తీసుకెళ్లి, వెనక కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేది నేనే. చేతులకి పని ఉన్నా కళ్లూ చెవులూ ఖాళీయే కదా. కోచ్ చెప్పేది రెండేళ్లు వింటే రాయికైనా కొంత అంటుతుంది.

ముందు అసలు ఆ ఆట ఏమిటో చెబుతాను. చాలామంది దాన్ని చూడకుండానే మాట్లాడతారు.

పది మీటర్ల దూరంలో ఒక కాగితం. దాని మధ్యలో పది మార్కుల వలయం. పిస్టల్ పోటీలో ఆ వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అంటే సుమారుగా చొక్కా గుండీ అంత. రైఫిల్ పోటీలో అయితే అర మిల్లీమీటరు చుక్క, ఉప్మా రవ్వ పలుకంత. పిస్టల్‌ని ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. రెండో చెయ్యి సాయం పట్టకూడదు. అందుకే వాళ్లు దాన్ని జేబులోనో బెల్టులోనో దోపుకుని నిలబడతారు. ఇంచుమించు కిలో బరువున్న పిస్టల్‌ని చెయ్యి చాచి కదలకుండా నిలపాలి. ట్రిగ్గర్ మీద కనీసం 500 గ్రాముల ఒత్తిడి పడితే గాని గుండు పేలకూడదని నిబంధన. అంటే అరకిలో పంచదార పొట్లాన్ని మోసేంత బలం వేలికొసతో పెట్టాలి, అదే సమయంలో ఆ చేతిలో ఇంకేదీ కదలకూడదు. ఇలా 75 నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి. గంటా పావు సేపు, ఎత్తడం, నిలపడం, కాల్చడం, దించడం.

ఇంకో లెక్క చూడండి. పిస్టల్ వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న మొన ఉంటాయి. వీటినే సైట్లు అంటారు. వాటి మధ్య దూరం ఇంచుమించు ముప్ఫై సెంటీమీటర్లు. గాడిలో మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దూరం వెళ్లేసరికి ఆ తేడా ముప్ఫై మిల్లీమీటర్లకి పైగా అవుతుంది. పదిలో పడాల్సిన గుండు ఏడుకో ఆరుకో జారిపోతుంది. అందుకని మా అమ్మాయికి కోచ్ మొదటి నెల నుంచీ చెప్పిన మాట ఒకటే: "టార్గెట్ వైపు చూడకు, ముందు సైట్ వైపు చూడు. టార్గెట్ మసగ్గా కనిపించినా ఫర్వాలేదు." వినగానే నాకు వింతగా అనిపించింది. ద్రోణుడి పరీక్షలో అర్జునుడు పక్షి తల తప్ప ఇంకేమీ కనపడట్లేదన్నాడని కదా మనం చదువుకున్నది. ఇక్కడ కొట్టాల్సిన వస్తువే మసకబారాలి, చేతిలో ఉన్న మొన స్పష్టంగా ఉండాలి.

ఇప్పుడు ఫోన్‌లో ఆట చూద్దాం. అక్కడ కన్ను శత్రువు మీద ఉండాలి. ఎంత త్వరగా కనిపెడితే అంత లాభం. వేలు ఎంత వేగంగా జరిగితే అంత నేర్పు. గురి కాస్త అటూ ఇటూ అయినా సాయం పట్టే ఏర్పాటు చాలా ఆటల్లో ఆటలోనే ఉంటుంది, దాన్ని ఎయిమ్ అసిస్ట్ అంటారు. తుపాకీ పైకి ఎగరకుండా వేలితో తెరని కిందికి లాగడం వాళ్లకి పెద్ద విద్య. పిల్లలు దాన్ని రీకాయిల్ కంట్రోల్ అని గర్వంగా చెప్పుకుంటారు. ఎయిర్ పిస్టల్ గాలితో పనిచేస్తుంది, ఎగరడమనేది దాదాపు ఉండదు. అంటే గేమ్‌లో ఏళ్ల తరబడి సాధించిన ఆ గొప్ప విద్యకి ఈ ఆటలో అసలు పనే లేదు. కొన్ని గేముల్లో ఊపిరి బిగబట్టడానికి ఒక బటన్ కూడా ఉంటుంది. నొక్కితే గురి కదలకుండా నిలుస్తుంది. మన గుండెలకి అలాంటి బటన్ ఎవరూ పెట్టలేదు.

ఒకటి వేగం నేర్పే ఆట. ఇంకోటి నిలకడ నేర్పే ఆట. ఒకదాన్లో ఆరితేరితే ఇంకోటి వచ్చేస్తుందనడం, పరుగు పందెంలో నెగ్గినవాడికి ధ్యానం వచ్చేస్తుందన్నట్టు ఉంటుంది.

పోయిన దసరా సెలవుల్లో మా చెల్లెలి కొడుకు మా ఇంటికి వచ్చాడు. పదిహేడేళ్ల కుర్రాడు, వాళ్ల కాలేజీలో ఈ ఆటలకి వాడే పెద్ద. "పెద్దమ్మా, నేనూ ఒకసారి కాలుస్తా" అంటే రేంజ్‌కి తీసుకెళ్లాను. కొత్తవాళ్లకి కోచ్ దగ్గరుండి కొన్ని గుళ్లు కాల్పిస్తారు. మొదటి పదింటిలో నాలుగు కాగితానికే తగల్లేదు. కోచ్ నవ్వలేదు, తిట్టలేదు. గుండు లేని పిస్టల్ చేతికిచ్చి, తెల్లగోడకి ఎదురుగా నిలబెట్టి, "ఊరికే పట్టుకో, అంతే" అన్నారు. రెండో నిమిషానికి వాడి భుజం వణకడం నా కుర్చీలోకి కనిపించింది. "ఇదేంటి పెద్దమ్మా, చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు. తెలివైన పిల్లాడు, రోగం వాడే కనిపెట్టాడు. వాడు త్వరగా పట్టుకున్నవీ ఉన్నాయి. మార్కుల పద్ధతి ఒక్కసారికే అర్థమైంది. గుండు ఎటు పోయిందో, ఎందుకు పోయిందో వెంటనే ఊహించగలిగాడు. కన్నూ బుర్రా వాడికి పనిచేశాయి. ఒళ్లు చెయ్యలేదు.

ఒక్క పిల్లాణ్ణి చూపించి తీర్పు చెప్పేస్తావా అని అడగొచ్చు. న్యాయమే. అవతలి పక్షంవాళ్లు చెప్పే గట్టి ఉదాహరణలు కూడా తీసుకుందాం.

మొదటిది, 2003లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన. షూటింగ్ గేములు ఆడేవాళ్లు ఒకేసారి ఎక్కువ వస్తువుల మీద దృష్టి పెట్టగలుగుతున్నారనీ, అలవాటు లేనివాళ్ల చేత రోజుకో గంట చొప్పున పది రోజులు ఆడించినా ఆ మెరుగుదల కనిపించిందనీ అందులో తేలింది. దాన్ని నేను కాదనను. అది చూపు సంగతి, దృష్టి సంగతి. భుజం గురించి ఆ పరిశోధన ఏమీ చెప్పలేదు. మనవాళ్లే దాన్ని కంటి నుంచి భుజానికి లాగేశారు.

రెండోది, 2007లో వచ్చిన సర్జన్ల లెక్క. వారానికి మూడు గంటల కంటే ఎక్కువ వీడియో గేమ్స్ ఆడిన అలవాటున్న సర్జన్లు ల్యాప్రోస్కోపీ శిక్షణలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం వేగంగా పని ముగించారు. బాగుంది. ల్యాప్రోస్కోపీ అంటే ఏమిటి? డాక్టరు ఎదురుగా ఉన్న తెర చూస్తూ, చేతిలోని సన్నని పనిముట్లని కదుపుతారు. వీడియో గేమ్ అంటే ఏమిటి? తెర చూస్తూ చేతులు కదపడం. పోలిక ఉన్నచోట విద్య కొంత దాటింది.

మూడోది, సినిమా కూడా తీసిన కథ. జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రాడు గ్రాన్ టురిస్మో అనే కార్ల గేమ్‌లో ఆరితేరి, 2011లో ఒక పోటీ నెగ్గి నిజమైన రేసు డ్రైవర్ అయ్యాడు. 2013లో లె మాన్స్ ఇరవైనాలుగు గంటల రేసులో తన విభాగంలో మూడో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు. 2023లో వచ్చిన ఆ సినిమా చూసి మా మరిదిగారు, అంటే పై కుర్రాడి నాన్నగారు, నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. "చూశారా వదినగారూ?" అని. చూశాను మరిదిగారూ. ఆ గేమ్‌ని స్టీరింగూ పెడళ్లూ బిగించుకుని కారు తోలినట్టే ఆడొచ్చు. మలుపు, బ్రేకు, దారి నిజం ట్రాక్‌లో ఉన్నట్టే ఉంటాయి. అయినా ఆ కుర్రాణ్ణి నెగ్గిన మర్నాడే రేసుకి పంపలేదు. నిజమైన కార్లలో కూర్చోబెట్టి నెలల తరబడి శిక్షణ ఇచ్చారు, ఒళ్లు సిద్ధం చేశారు. వేలాదిమంది ఆడితే అలా తేలినవాళ్లు గుప్పెడు మంది.

ఈ మూడింటిలోనూ ఒక సూత్రం ఉంది. థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని 1901లోనే చెప్పారు. ఒక పనిలో నేర్చుకున్నది ఇంకో పనికి ఉపయోగపడాలంటే ఆ రెండు పనుల్లోనూ ఉమ్మడి అంశాలు ఉండాలి. ఎంత ఉమ్మడి ఉంటే అంతే దాటుతుంది. ఇది అర్థం కావడానికి మనకి అమెరికా వెళ్లనక్కర్లేదు, వాకిట్లోకి వెళితే చాలు. ఫోన్‌లో ముగ్గులు గీసే ఆటలున్నాయి. చుక్కలు కలుపుతూ వేలితో రాస్తే తెర మీద మెలికల ముగ్గు చక్కగా వస్తుంది. చుక్కల లెక్క, మెలిక ఎటు తిరగాలి అన్నది అందులో నేర్చుకోవచ్చు, ఒప్పుకుంటాను. ఆ అమ్మాయికే గుప్పిట్లో పిండి పోసి వాకిట్లో వంచండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని సన్నగా, ఆగకుండా, ఒకే లావున వదలడం వస్తుందా? నడుం వంగినప్పుడు గీత వంకర పోకుండా ఉంటుందా? రాదు. లెక్క దాటింది, పిండి వదలడం దాటలేదు. ట్రిగ్గర్ నొక్కడం సరిగ్గా పిండి వదలడం లాంటిదే. ఒక్కసారిగా నొక్కితే చెడుతుంది, మెల్లమెల్లగా ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి.

మా మరిదిగారికి ఇంకో అస్త్రం కూడా ఉంది, ఏకలవ్యుడు. "గురువు లేకుండా మట్టిబొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు కదా, ఫోన్ పెట్టుకుని మావాడు నేర్చుకోకూడదా?" మట్టిబొమ్మ గురువు మరిదిగారూ, విల్లు మట్టిది కాదు. ఏకలవ్యుడి చేతిలో ఉన్నది అసలైన విల్లు, లాగింది అసలైన నారి. గురువు లేకపోయినా విద్య వచ్చింది గాని విల్లు లేకుండా రాలేదు. ఆదిపర్వంలోనే అర్జునుడి కథ ఇంకోటి ఉంది. రాత్రి అన్నం తింటుంటే గాలికి దీపం ఆరిపోయింది. చీకట్లో కూడా ముద్ద తిన్నగా నోటికే వెళ్లింది. అలవాటు వల్ల చేతికి దారి తెలిసిందని గ్రహించి, ఆ రోజు నుంచి చీకట్లో బాణాలు వెయ్యడం సాధన చేశాడు. చేతికి తెలియడం అంటే అదీ. ఆ ఎరుక చెయ్యి వేల సార్లు అదే పని చేస్తేనే వస్తుంది, వేరే పని చేస్తే రాదు.

ఇప్పుడు భయపడే అమ్మలతో రెండు మాటలు.

2012లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధన వచ్చింది. పిస్టల్ ఆకారంలో ఉన్న కంట్రోలర్‌తో ఇరవై నిమిషాలు షూటింగ్ గేమ్ ఆడినవాళ్లు, తర్వాత నిలువెత్తు బొమ్మ మీద కాల్చినప్పుడు తలకి ఎక్కువసార్లు కొట్టారని దాని సారాంశం. గేములు హంతకులకి శిక్షణ ఇస్తున్నాయని వాదించేవాళ్లకి అది వరంలా దొరికింది. 2017లో దాన్ని ప్రచురించిన పత్రికే వెనక్కి తీసుకుంది. అంకెల్లో తేడాలు కనిపించాయి, సరిచూద్దామంటే అసలు రికార్డులు దొరకలేదు. వెనక్కి తీసుకున్న సంగతి ఎంతమందికి చేరింది? భయం చేరినంత వేగంగా దిద్దుబాటు చేరదు. ఇంకో విషయం గమనించండి. ఆ పరిశోధనలో కూడా పట్టుకున్నది పిస్టల్ ఆకారం, ఫోన్ కాదు.

కాబట్టి మీ అబ్బాయికి గేమ్ వల్ల తుపాకీ కాల్చడం వచ్చేస్తుందని బెంగ పెట్టుకోకండి. బెంగ పెట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి రెండింటిదాకా దుప్పట్లో వెలుగుతున్న ఫోన్. ఓడిపోతే విసిరికొట్టే గిన్నె. తండ్రి ఖాతా లోంచి గేమ్‌లో బట్టలకీ తుపాకీ రంగులకీ పోతున్న డబ్బు. పదహారేళ్లకే వంగిన మెడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్' అనేదాన్ని తన వ్యాధుల జాబితాలో చేర్చింది. దానికి వాళ్లు చెప్పిన లక్షణం ఆపుకోలేకపోవడం, ఆట ముందు చదువూ తిండీ నిద్రా అన్నీ వెనకబడటం. గురి సంగతి అందులో ఎక్కడా లేదు. లేని దెయ్యాన్ని చూపించి పోట్లాడితే పిల్లాడు నవ్వుతాడు. ఉన్న సంగతి పట్టుకుని అడిగితే సమాధానం చెప్పాల్సి వస్తుంది.

ఇక నేను మొదట్లో చెప్పిన నష్టం.

మా చెల్లెలికి కొడుకు తర్వాత ఒక కూతురు. పదమూడేళ్లు. దసరాకి అన్నతో పాటు అదీ రేంజ్‌కి వచ్చింది. అన్న కాలుస్తుంటే గంటసేపు కదలకుండా నిలబడి చూసింది. చివర్లో దానికీ ఒక ఐదు గుళ్లు ఇచ్చారు. గొప్పగా ఏమీ కాల్చలేదు. కాని ఇంటికెళ్లి వాళ్ల నాన్నని అడిగింది, "నేను నేర్చుకుంటాను" అని. వచ్చిన జవాబు: "అంత గేమ్ ఆడే అన్నయ్యకే రాలేదు, నీకేం వస్తుంది? ఆడపిల్లకి తుపాకీ ఏంటి?"

ఆ ఇంట్లో కొడుకు చేతిలో గేముల కోసమే కొన్న నలభై అయిదు వేల ఫోన్ ఉంది. దాన్ని ఎవరూ ఖర్చు అనలేదు. "స్కిల్" అన్నారు. కూతురు అడిగిన నెల ఫీజు మాత్రం ఖర్చు. ఇప్పుడు తెలిసిందా ఈ తప్పుడు నమ్మకం ఏం చేస్తుందో? మగపిల్లాడు సోఫాలో పడుకుని ఆడేదాన్ని క్రీడ కింద జమ కడుతుంది. ఆడపిల్ల కాళ్ల మీద నిలబడి నేర్చుకుంటానన్నదాన్ని సరదా కింద కొట్టేస్తుంది. సొంత పిస్టల్ ఖరీదు లక్ష దాటుతుంది, నాకు తెలుసు. కాని మొదట్లో ఎవరూ కొనమని అడగరు. మా అమ్మాయి ఇప్పటికీ అకాడమీ పిస్టల్‌తోనే కాలుస్తోంది.

ఆడపిల్లకి తుపాకీ ఏంటి అన్నారు కదా. 2018లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్ల వయసులో, సరిగ్గా మా చెల్లెలి కూతురి వయసులో, మను భాకర్‌నీ హీనా సిద్ధూనీ దాటి ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అవే క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి కూడా పతకాలు ఇచ్చారు, విడిగా. అదీ ఒక పోటీయే, ఆడేవాళ్లు ఆడుకోవచ్చు. కాని ఒకదాని పతకం ఇంకోదానికి చెల్లదు. 2021లో టోక్యోలో పోటీ మధ్యలో పిస్టల్ పాడై, సమయం పోగొట్టుకుని ఫైనల్‌కి వెళ్లలేకపోయిన మను భాకర్, 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. ఆ మధ్యలో ఉన్న మూడేళ్లకి రీస్టార్ట్ బటన్ లేదు.

పారిస్ అంటే గుర్తొచ్చింది. టర్కీ నుంచి యూసుఫ్ డికెచ్ అని ఒక 51 ఏళ్ల ఆయన, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో నిలబడి కాల్చి రజతం గెలిచాడు. ఆ ఫోటో ప్రతి కుర్రాడి ఫోన్‌లోనూ తిరిగింది, "గేమ్‌లో హీరోలా ఉన్నాడు" అని. అది మిశ్రమ జట్ల పోటీ. ఆయన పక్కన షెవ్వల్ ఇలైదా తర్హాన్ అనే అమ్మాయి నిలబడి, తనూ ఒక చెయ్యి జేబులోనే పెట్టుకుని, అదే రజతానికి సగం గుళ్లు కాల్చింది. ఆమె ఫోటో మీలో ఎంతమందికి వచ్చింది? అదే పోటీలో కాంస్యం మన మను భాకర్, సరబ్‌జోత్‌లది.

ఈ ఆటకి కండబలం ప్రధానం కాదు, నిలకడ ప్రధానం. ఆడా మగా తేడా బాగా తక్కువ ఉండే క్రీడల్లో ఇదొకటి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ పోటీ అందరికీ కలిపి పెట్టారు. మగవాళ్లందరినీ ఓడించి చైనా అమ్మాయి జాంగ్ షాన్ స్వర్ణం గెలిచింది. 1996లో ఏమైందో తెలుసా? ఆ పోటీని మగవాళ్లకి మాత్రమే ఉంచారు, ఆడవాళ్లకి స్కీట్ పోటీయే లేదు. 2000లో మళ్లీ వచ్చింది, ఆడవాళ్లకి వేరుగా. ఎయిర్ పిస్టల్‌లో కూడా ఆడవాళ్లకి చాలాకాలం 40 గుళ్లే ఉండేవి, మగవాళ్లకి 60. 2018లో గాని సమానం చెయ్యలేదు. వచ్చేదాన్ని రానివ్వకపోవడం పెద్ద పెద్ద క్రీడా సంఘాలకే అలవాటు. మన హాల్లో కూర్చున్న తండ్రికి ఆ అలవాటు ఉండటంలో వింతేముంది?

మా మరిదిగారు ఈ బ్లాగు చదువుతారని నాకు తెలుసు. చదవాలనే రాస్తున్నాను. మీ అబ్బాయి మంచి కుర్రాడు, వాడి గేమ్ వాణ్ణి ఆడుకోనివ్వండి, నిద్రపోయే వేళకి ఫోన్ తీసుకోండి. వాడికి నిజంగా షూటింగ్ ఇష్టమైతే అందరిలాగే తెల్లగోడ ముందు సున్నా నుంచి మొదలుపెట్టాలి. గేమ్‌లో వాడు సంపాదించిన ర్యాంకు అక్కడ గేటు దగ్గరే ఆగిపోతుంది. మీ అమ్మాయి కూడా సున్నా నుంచే మొదలుపెడుతుంది. ఇద్దరిదీ ఒకే గీత. ఆ గీత దగ్గరికి ఇద్దర్నీ రానివ్వమనే నేను అడుగుతున్నాను.

చదువుతున్న అక్కలకీ చెల్లెళ్లకీ ఒక చిన్న పని. ఈసారి ఎవరైనా "మావాడు గేమ్‌లో అదరగొడతాడు, షూటింగ్‌కి పనికొస్తాడు" అంటే వాదన పెట్టుకోకండి. కిలో కందిపప్పు పొట్లం ఒక చేతికిచ్చి, ఆ చెయ్యి భుజం ఎత్తున చాపి, రెండు నిమిషాలు కదలకుండా నిలబడమనండి. అబ్బాయినే కాదు, ఆ మాట అన్నవాళ్లని కూడా. తర్వాత అదే పొట్లం ఇంట్లో అమ్మాయికి ఇవ్వండి. దానిదీ వణుకుతుంది, అందరిదీ వణుకుతుంది. ఎవరు మర్నాడు మళ్లీ వచ్చి పొట్లం అడిగి తీసుకుంటారో, వాళ్లకి ఫీజు కట్టండి.